ధర కాదు.. జత చూడండి!

చిక్కపేట అనగానే పట్టుచీరలే గుర్తొస్తాయి. ఆ పక్కనే ఎస్పీ రోడ్డు. కంప్యూటర్ సామాన్లకు పెట్టింది పేరు. చవగ్గా వచ్చిందని స్విచ్, ఫైబర్ కేబుల్ మూటగట్టుకుని ఊరెళతాం. తీరా బిగిస్తే లైటు వెలగదు. మళ్లీ బస్సు చార్జీలు, ఒక రోజు దండగ!

రాగి తీగల ల్యాన్ కేబుల్ 100 మీటర్ల వరకే. అది దాటితే ఫైబర్ తప్పదు. ఇందులో రెండు రకాలు. సాధారణంగా పసుపు తొడుగుది సింగిల్ మోడ్. లోపల వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. కిలోమీటర్ల దూరం లాగొచ్చు. నారింజ రంగుది మల్టీమోడ్. దారి 50 లేదా 62.5 మైక్రాన్లు. ఒకే భవనానికి, ప్రాంగణానికి చాలు.

స్విచ్‌లో దూర్చే ఎస్ఎఫ్‌పీ కేబుల్‌కు తగ్గదై ఉండాలి. మామూలుగా మల్టీమోడ్‌కు 850 నానోమీటర్లది, సింగిల్ మోడ్‌కు 1310ది. ఒకే పోగుపై నడిచే బైడీ రకమైతే ఒక చివర 1310లో పంపి 1550లో అందుకునేది, రెండో చివర దానికి తిరగేసినది కావాలి. రెండూ ఒకేలాంటివి తెచ్చారా.. అంతే సంగతులు! వేగమూ రెండు వైపులా ఒకటే ఉండాలి. కొన్ని స్విచ్‌లు వేరే కంపెనీ ఎస్ఎఫ్‌పీని ఒప్పుకోవు.

వెలుగు వస్తోందా అని పోగులోకి తొంగిచూడొద్దు. అది కంటికి కనబడని కాంతి. చూపుకే ముప్పు.

దూరం, కేబుల్ రకం, పాత స్విచ్ మోడల్ చీటీపై రాసుకెళ్లండి. కొట్లోనే రెండు చివర్లూ కలిపించి, లైటు వెలిగాకే డబ్బులివ్వండి.