డాబా గార్డెన్స్‌లో శుక్రుడు

భిలాయి ఉక్కు కర్మాగారమున ఓపెన్ హార్త్ కొలిమియెదుట నిలిచిన పనివాడు, కన్నులు మిరుమిట్లు గొలుపు ఆ ద్రవలోహమును నేరుగా చూడజాలక, నీలిగాజు తునకలోనుండి చూచి, రంగునుబట్టి పాకము కుదిరినదో లేదో నిర్ణయించెడివాడు. ఆ గాజుతునకను తలచినప్పుడెల్ల నాకు స్ఫురించునది వేరొక అద్దము. 1874 డిసెంబరు 9వ తేదీన, విశాఖపట్టణమున, సూర్యబింబమును చూచుటకై అంకితం వెంకట నరసింగరావుగారు తమ దూరదర్శినికి తగిలించుకొనిన నల్లని అద్దమది. (కొలిమికి చాలిన గాజు సూర్యునికి చాలదని పిల్లలకు ముందే చెప్పవలెను.)

1959లో రాజేంద్రప్రసాదుగారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన పిమ్మట, శ్రీకాకుళ విశాఖ ప్రాంతములనుండి వచ్చి భిలాయి టౌన్‌షిప్పు సెక్టార్లలో స్థిరపడిన మన కుటుంబములవారిలో, తాము విడిచి వచ్చిన తీరమున నూరేండ్లకు పైబడిన ఖగోళచరిత్ర యొకటి కలదని ఎరిగినవారు అరుదు. మద్రాసు వేధశాలాధికారి టేలరు దొరవలన ఖగోళవిద్యయం దాసక్తి గొన్న జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు, ఏ ప్రభుత్వమును ద్రవ్య మడుగక, 1840లో తమ స్వగృహముననే వేధశాలను నిర్మించి, నక్షత్రములను పరిశీలించుటయే గాక, స్వయముగా కల్పించిన ప్రయోగములును చేసిరి. 1856లో ఆయన గతించిన పిదప, అల్లుడైన నరసింగరావుగారు ఆ భారమును భక్తితో వహించిరి.  నేడు బస్సులతో, దుకాణములతో క్రిక్కిరిసిన డాబా గార్డెన్సే నాడు ఆ గృహమున్న తోట.

శుక్రుడు సూర్యబింబముమీదుగా నల్లని చుక్కవలె సాగిపోవు ఘట్టము ఎనిమిదేండ్ల యెడముతో జంటగా వచ్చి, మరల నూరేండ్లకు పైగా తటస్థింపని అపూర్వము. భూమిమీద వేర్వేరు తావులలో నున్నవారు, చుక్క బింబపుటంచును తాకిన క్షణమును గడియారముతో గుర్తించినచో, ఆ కాలభేదమునుండి సూర్యుని దూరమును గణింపవచ్చును. అయితే ఆ క్షణము పట్టుబడునది కాదు. చూరునుండి జారబోవుచు జారని నీటిబొట్టువలె, ఆ చుక్క అంచునుండి సన్నని నల్లదారముతో వ్రేలాడుచు, తెగినదో తెగలేదో తోపనీయక పరిశీలకుని కన్నులను వంచించును. 1874లో మహారాజ్యములు నౌకలపై పండితులను దేశదేశములకు పంపిన ఆ కార్యమునందు, ఒక తెలుగు గృహస్థు తన ఇంటినుండియే పాల్గొని, తాను చూచినదానిని లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు వ్రాసి పంపెను! బుధసంక్రమణములు, సూర్యగ్రహణములు, తోకచుక్కలును ఆయన లెక్కకు దప్పిపోలేదు.

1892లో నరసింగరావుగారు మరణించిరి. తాతగారి పేరే గల కుమారుడు జగ్గారావుగారు ఖగోళచ్ఛాయాచిత్రణమునకు పరికరములు సమకూర్చిరి. హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన వేధశాల కాలక్రమమున నిజాము ప్రభుత్వమునకును, అటుపై ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును సంక్రమించి, రంగాపురమున 48 అంగుళముల దూరదర్శినివరకు విస్తరింపగా, విశాఖ వేధశాల మాత్రము ఒక వంశపు ప్రీతినే ఆధారముగా గొని, ఇరువదవ శతాబ్ది తొలిభాగమువరకు సాగి, పిమ్మట కనుమరుగయ్యెను. రెంటికిని పుట్టుక యొకటే, ఒక వ్యక్తి కుతూహలము. దానిని చేపట్టు సంస్థ లేకపోవుటయే విశాఖకు లోపమని నా అభిప్రాయము.

రాత్రివేళ ప్లాంటునుండి కరగిన స్లాగును గుమ్మరించినప్పుడు ఇచటి ఆకాశము కొంతసేపు కుంకుమవన్నె దాల్చి, చిన్నచిన్న నక్షత్రములను మాటు చేయును. ఆ వెలుగు ఆరినంతనే మేడపైకెక్కి, నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి సప్తర్షులను చూపుటకు జమీందారీ అక్కరలేదు. ఒక విన్నపము మాత్రము చేసెదను. ఆ తీరమునుండి తరలివచ్చిన మీ పెద్దల పెట్టెలలో డాబా గార్డెన్స్ వేధశాలకు చెందిన పత్రము గాని, ఫోటో గాని ఉన్నచో, దానిని పాతకాగితములవానికి తూచి యీయక, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమునకు చేర్చుడు.