గాజు కప్పు క్రింది రాజవీధి

ఇటలీ దేశమందలి మిలాన్ నగరమున 'దువోమో' యను ప్రధాన క్రైస్తవ దేవాలయమునకు ఎదురుగా నిలిచినచో ఎడమ ప్రక్కన ఉన్నతమైన తోరణమొకటి కానవచ్చును. కోట వాకిలియని భ్రమ గొలుపు ఆ తోరణము నిజమునకు ఒక అంగళ్ల వీధికి ముఖద్వారము. రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు పేరు వహించిన ఈ వీధిని నగరవాసులు 'గల్లేరియా' యందురు. ముద్దుగా 'మిలాను చావడి' యనియు పిలుతురు.

కప్పుగల అంగళ్ల వీధులు మిలానులో పుట్టినవి కావు. బురద, వాన, గుఱ్ఱపు బండ్ల బాధ లేక బేరము సాగవలెనని పారిస్ వర్తకులు పదునెనిమిదవ శతాబ్ది చివరనే ఇట్టివి కట్టించిరి. కాని అవి ఇరుకు సందులు. జుసెప్పె మెంగోని యను వాస్తుశిల్పి ఆ సందును రాజవీధిగా విస్తరించెను. ఒకటి సుమారు 196 మీటర్లు, మరియొకటి 105 మీటర్లు పొడవుగల రెండు వీధులు కత్తెరవలె కలిసికొనును. ఇరువైపుల పలు అంతస్తుల భవనములు. వాని నడుమ ఇనుప కమానులపై గాజు పలకలు. కూడలి అష్టకోణము, దానిపై 47 మీటర్ల ఎత్తున గాజు గోపురము. తలయెత్తిన ఆకాశమే కనబడును గాని చినుకు మాత్రము మీద పడదు.

మొదట ఇచటివి గ్యాసు దీపములు. అంత ఎత్తున వానిని వెలిగించుటెట్లు? గోపురము చుట్టును పట్టాలు పరచి, వత్తి మోయు చిట్టి యంత్రమొకటి నడిపిరి. జనులు దానికి 'రాత్తీన్', అనగా చిట్టెలుక, యని పేరు పెట్టిరి. సంధ్యవేళ ఆ ఎలుక పరుగు చూచుటకే గుంపులు చేరెడివట! విద్యుద్దీపములు వచ్చి ఈ వేడుకను మాపివేసినవి.

మిలాను 1859 వరకు ఆస్ట్రియా పాలనలో నుండెను. 1861లో ఇటలీ రాజ్యమేర్పడెను. ఆ ఉత్సాహమే ఈ కట్టడమునకు మూలము. 1865 మార్చి 7న రాజు స్వయముగా శంకుస్థాపన చేసెను; 1867 సెప్టెంబరులో వీధి తెరువబడెను. అప్పటికి తోరణము పూర్తికాలేదు. పెట్టుబడి పెట్టిన ఆంగ్ల సంస్థ దివాలా తీయగా పురపాలక సంఘమే వీధిని స్వాధీనము చేసికొనెను. మెంగోని పట్టు విడువలేదు. పదేండ్లకు తోరణము ముగింపునకు వచ్చినది. 1877 డిసెంబరు 30న పని పరీక్షించుటకు పరంజా ఎక్కిన ఆ శిల్పి జారిపడి మరణించెను. వయస్సు నలుబదియెనిమిదేండ్లు. విమర్శలకు క్రుంగి ప్రాణము తీసికొనెనను వదంతి పుట్టినది గాని, పరిశోధకులు పెక్కురు ప్రమాదముగనే యెంతురు. పది దినములకు రాజును గతించెను. ఎవరి పేర కట్టిరో ఆయనయు, ఎవరు కట్టిరో ఆయనయు పూర్తియైన తోరణము క్రింద నడువనే లేదు.

1943 ఆగస్టు నాటి బాంబులకు ఆ గాజు కప్పు నుగ్గునుగ్గైనది. మరల కట్టి 1955లో తెరచిరి.

నేలపై రంగురాళ్ల చిత్రములలో మిలానుతోబాటు ఇటలీకి వరుసగా రాజధానులైన టూరిన్, ఫ్లారెన్సు, రోము నగరముల చిహ్నములు గలవు. టూరిన్ చిహ్నము ఎద్దు. దాని మర్మస్థానమున మడమ మోపి మూడు మార్లు గిరగిర తిరిగినచో అదృష్టము పట్టునట! తిరిగి తిరిగి అచట గుంట పడినది. దానిని పూడ్చి మరల రాళ్లు పొదుగుచుందురు. మరల గుంట పడుచుండును. పండితులు పైకప్పును పొగడుదురు గాక, ఈ వీధి నిజముగా ఎవరిదో ఆ గుంటయే చెప్పుచున్నది.

అంగళ్లలో నేడు మిక్కిలి వెలగల సరకులే యుండును. కాని నడచుటకు రుసుము లేదు. కాఫీ గుటక వేయదలచిన వారు బల్లకడ కూర్చుండక, అచటి వారివలె నిలుచుండి త్రాగుట మేలు. ఇటలీలో కుర్చీకి వేరు వెల! త్రాగి ఉత్తరముగా సాగినచో వీధి చివర లియొనార్డో డావించి విగ్రహము, దాని కెదుట జగద్విఖ్యాతమైన లా స్కాలా సంగీత నాటకశాల దర్శనమిచ్చును.