గణాంకపట్టికను పఠించడం ఎలా? 1962 నాటి హెర్షీ బాస్కెట్‌బాల్ పోటీ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆట ముగిసిన తరువాత మిగిలే ప్రధాన లిఖితసాక్ష్యం దాని గణాంకపట్టిక. విల్ట్ చాంబర్లేన్ ఒకే పోటీలో 100 పాయింట్లు సాధించిన సందర్భం ఆధారంగా, అటువంటి పట్టికను ఎలా సరిచూడాలో, దాని నుండి ఏ నిర్ణయాలు చేయవచ్చో, ఏవి చేయకూడదో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బాస్కెట్‌బాల్, గణాంకపట్టిక, చాంబర్లేన్, అంతస్సాక్ష్యం, నిష్పత్తి.

1. ఉపోద్ఘాతం

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఎ. చరిత్రలో ఒక ఆటగాడు ఒకే పోటీలో సాధించిన అత్యధిక పాయింట్లు 100. 1962 మార్చి 2న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ పట్టణంలో ఈ ఘనత నమోదయింది. ఆ పోటీలో ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టు న్యూయార్క్ నిక్స్ జట్టును 169–147 తేడాతో ఓడించింది. నమోదైన ప్రేక్షకుల సంఖ్య 4,124. ఈ పోటీకి చలనచిత్రరూపమైన ఆధారం లభించడం లేదు. నాలుగో క్వార్టరు రేడియో వ్యాఖ్యానం మాత్రం ధ్వనిముద్రణగా మిగిలింది. అందువల్ల ఈ పోటీని అధ్యయనం చేసేవారికి ‘బాక్స్ స్కోరు’ అనే గణాంకపట్టికే ముఖ్యాధారం.

2. పట్టిక నిర్మాణం

బాక్స్ స్కోరులో ప్రతి అడ్డువరుస ఒక ఆటగాడిది, ప్రతి నిలువువరుస ఒక చర్యది. ఆట సాగుతుండగా బంతిని బుట్టలో వేస్తే అది ఫీల్డ్ గోల్. నాటి నియమాల ప్రకారం దానికి 2 పాయింట్లు. దూరం నుండి వేసిన బంతికి 3 పాయింట్లు ఇచ్చే పద్ధతి ఎన్.బి.ఎ.లో 1979–80 నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. ప్రత్యర్థి చేసిన ఫౌల్‌కు పరిహారంగా, ఎవరి అడ్డంకీ లేకుండా వేసే అవకాశం ఫ్రీ త్రో. దానికి 1 పాయింటు. గురి తప్పిన బంతిని చేజిక్కించుకోవడం రీబౌండ్. తోటి ఆటగాడి గోల్‌కు నేరుగా దారితీసే అందింపు అసిస్ట్.

చాంబర్లేన్ వరుస ఇలా ఉంది: ఆడిన సమయం 48 నిమిషాలు, అంటే పోటీ మొత్తం. 63 ఫీల్డ్ గోల్ ప్రయత్నాలలో 36 సఫలం, 32 ఫ్రీ త్రోలలో 28 సఫలం. రీబౌండ్లు 25, అసిస్ట్‌లు 2.

3. అంతస్సాక్ష్యం

పట్టికను నమ్మే ముందు దానిని దానితోనే సరిచూడాలి. 36 ఫీల్డ్ గోల్స్‌కు 72 పాయింట్లు, 28 ఫ్రీ త్రోలకు 28 పాయింట్లు కలిపితే 100. జట్టు మొత్తంగా 63 ఫీల్డ్ గోల్స్, 43 ఫ్రీ త్రోలు సాధించింది. 126, 43 కలిపితే 169. ఇక వ్యక్తుల వారీగా చాంబర్లేన్ 100, ఆల్ ఆటల్స్ 17, పాల్ అరిజిన్ 16, టామ్ మెషెరీ 16, గై రోజర్స్ 11, యార్క్ లరీస్ 9. ఈ మొత్తం కూడా 169. వేర్వేరు దారులు ఒకే సంఖ్యకు చేరుతున్నాయి. అయితే ఈ పొందిక కూడికలలోని పొరపాట్లను మాత్రమే పట్టిస్తుంది. నమోదు చేసినవారు కంటితో చూసి నిర్ణయించిన రీబౌండ్, అసిస్ట్ వంటి అంశాలకు ఇది హామీ ఇవ్వదు.

4. నిష్పత్తుల వివేచన

జట్టు చేసిన 115 ఫీల్డ్ గోల్ ప్రయత్నాలలో 63, అంటే 54.8 శాతం, చాంబర్లేన్‌వే. ఒక్కడే ఇన్నిసార్లు ప్రయత్నించడం జట్టుకు నష్టం కాదా అన్న ప్రశ్న సహజం. చాంబర్లేన్ సాఫల్యం 57.1 శాతం. మిగిలినవారందరూ కలిసి 52 ప్రయత్నాలలో 27 సాధించారు, అది 51.9 శాతం. అందులోనూ ఆటల్స్ 8 ప్రయత్నాలకు 8 సాధించాడు. అతడిని మినహాయిస్తే తక్కినవారి సాఫల్యం 44కు 19, అంటే 43.2 శాతమే. కనుక బంతి చాంబర్లేన్‌కు చేరడం ఆనాటికి లాభదాయకమే.

ఫ్రీ త్రోల విషయం మరింత ఆసక్తికరం. ఆటజీవితం మొత్తంలో చాంబర్లేన్ ఫ్రీ త్రో సాఫల్యం సుమారు 51 శాతం. హెర్షీలో అది 87.5 శాతం. తన సగటు ప్రకారమే వేసి ఉంటే 32లో 16 లేదా 17 మాత్రమే సఫలమయ్యేవి. 100కు చేరడంలో ఈ అసాధారణతకు ఉన్న పాత్రను మొత్తం సంఖ్య ఒక్కటే చూపదు.

5. విభజన బయటపెట్టే ఉద్దేశం

మొత్తాన్ని క్వార్టర్లుగా విడదీస్తే మరొక అర్థం వెలికివస్తుంది.

మొదటి క్వార్టరు: జట్టు 42, చాంబర్లేన్ 23 (54.8 శాతం)
రెండవ క్వార్టరు: జట్టు 37, చాంబర్లేన్ 18 (48.6 శాతం)
మూడవ క్వార్టరు: జట్టు 46, చాంబర్లేన్ 28 (60.9 శాతం)
నాలుగవ క్వార్టరు: జట్టు 44, చాంబర్లేన్ 31 (70.5 శాతం)

మూడు క్వార్టర్లు ముగిసేసరికి వారియర్స్ 125–106తో ఆధిక్యంలో ఉంది. గెలుపు దాదాపు ఖాయమైన దశలో అతని వాటా తగ్గవలసింది పోయి పెరిగింది. అంటే చివరి క్వార్టరులో జట్టు గెలుపు కోసమే కాక సంఖ్య కోసం కూడా ఆడింది. బంతి చాంబర్లేన్‌కు అందకుండా నిక్స్ ఆటగాళ్లు ఇతరులపై ఫౌల్స్ చేశారని, బంతిని త్వరగా తిరిగి పొందడానికి వారియర్స్ కూడా ఉద్దేశపూర్వకంగా ఫౌల్స్ చేసిందని చరిత్రకారులు పేర్కొన్నారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ సాధించిన 81 పాయింట్లు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ మొదటి సగం ముగిసేసరికి టొరంటో కంటే 14 పాయింట్లు వెనుకబడి ఉంది. బ్రయంట్ రెండవ సగంలోనే 55 పాయింట్లు చేయగా జట్టు 122–104తో గెలిచింది. అక్కడ వ్యక్తి వాటా పెరగడానికి జట్టు అవసరమే కారణం.

6. పట్టిక మౌనం

ప్రత్యర్థి వేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడాన్ని, బంతిని ఎత్తుకుపోవడాన్ని ఎన్.బి.ఎ. అధికారికంగా లెక్కించడం 1973–74లో ఆరంభమైంది. చాంబర్లేన్ 1973లోనే విరమించాడు. అందువల్ల రక్షణలో అతని ప్రతిభకు అధికారిక సంఖ్య లేదు. నమోదు కాకపోవడం, జరగకపోవడం ఒకటి కావని గుర్తించాలి.

మరొక వరుస జో రుక్లిక్‌ది. అతని పాయింట్లు 0, అసిస్ట్ 1. నూరవ పాయింటుకు చేర్చిన గోల్‌కు బంతిని అందించింది అతడే. పట్టికలో ఆ 1 మిగతా ఒకట్ల లాగానే కనిపిస్తుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. పట్టికను మొదట అంతస్సాక్ష్యంతో పరీక్షించాలి. మొత్తాన్ని విడదీసి, పోల్చి చూసినప్పుడే అర్థం స్పష్టమవుతుంది. లెక్కించని అంశాన్ని లేనిదిగా భావించకూడదు. కావ్యంలో వృత్తాల సంఖ్యనో, పదాల ఆవృత్తినో పట్టికలుగా ఇచ్చే తెలుగు పరిశోధనకు కూడా ఇవి వర్తిస్తాయి. ఒక కావ్యంలో ఒక వృత్తం ఇన్నిసార్లు వచ్చిందని చెప్పడం పరిశోధనలో మొదటి మెట్టు మాత్రమే. అది ఏ ఆశ్వాసంలో, ఏ సందర్భంలో ఎక్కువైందో, లెక్కలో ఏది విడిచిపెట్టబడిందో చెప్పినప్పుడే ఆ సంఖ్య ఆధారంగా నిలుస్తుంది.