ఆట ఉప్పల్‌లో... పక్క దిల్‌సుఖ్‌నగర్‌లో

‘ఒక మ్యాచ్, ఒక కచేరీ, రెండు రాత్రుల బస. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు హైదరాబాద్‌లో వీకెండ్ ఎలా గడపాలో రాయండి. గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. ఆయన మనసులో ఉన్నది గచ్చిబౌలి. నేను దిల్‌సుఖ్‌నగర్ వాణ్ని. ఇటువైపు నుంచి రాస్తానన్నాను. ‘అక్కడేముందండీ, కోచింగ్ సెంటర్లు తప్ప?’

కాదనలేను. కానీ సూర్యాపేట, నల్గొండ, విజయవాడ బస్సులు నగరంలో అడుగుపెట్టగానే సగం ఖాళీ అయ్యేది ఎల్‌బీ నగర్ చౌరస్తాలోనే. అక్కడ నగరం వైపు తిరిగి నిలబడితే కుడి వైపు ఇన్నర్ రింగ్ రోడ్డు ఎక్కడికి పోతుందో, వెనక్కి తిరిగితే విజయవాడ రోడ్డు ఎక్కడికి పోతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒకటి ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి. ఇంకొకటి హయత్‌నగర్ మీదుగా రామోజీ ఫిల్మ్ సిటీకి. 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ గిటార్ పట్టుకుని పాడింది అక్కడే. ఆటకూ పాటకూ నడిమధ్యన ఉన్న పేట మా దిల్‌సుఖ్‌నగర్. చదువుకునే పిల్లల పుణ్యమా అని అందుబాటు ధరల్లో గదులూ, పొద్దుపోయాక కూడా ఏదో ఒక టిఫిన్ బండీ దొరుకుతాయి.

ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. ఈ పని మీద నేను తిరగేసిన కాగితాలన్నిటిలోకీ నన్ను పట్టుకు వదలనిది మాత్రం ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో గోడకున్న మెట్రో మ్యాపు.

చూడండి. ఎర్ర లైను వచ్చి ఎల్‌బీ నగర్‌లో ఆగిపోతుంది. నీలం లైను వచ్చి నాగోల్‌లో ఆగిపోతుంది. రెంటికీ మధ్య రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు. పట్టాలు లేవు. మాటల్లేని తోడికోడళ్లలా ఒకే వాకిట్లో చెరో గడప మీదా కూర్చున్నట్టుంటాయి ఆ రెండు చుక్కలూ. నాగోల్ నుంచి ఉప్పల్ ఒక స్టేషను, దాని తర్వాతది స్టేడియం. అంతే దూరం.

మరి మెట్రోలోనే వెళ్తానని పంతం పట్టినవాడి గతి? ఒక ఆదివారం మధ్యాహ్నం పనిగట్టుకుని వెళ్లాను. ఎల్‌బీ నగర్‌లో ఎక్కి వేళ్లు మడవడం మొదలుపెట్టాను. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్... మూసీ దాటి, నాంపల్లి దాటి, పదహారో స్టేషను అమీర్‌పేట. అక్కడ దిగి, నాగోల్ బండి పట్టుకుంటే బేగంపేట, ప్యారడైజ్, తార్నాక మీదుగా పదకొండోది స్టేడియం. మొత్తం 27. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎర్ర లైను మొత్తానికీ ఉన్న స్టేషన్లు కూడా 27 మాత్రమే! కొంచెం తెలివిగా ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకు మారి, జేబీఎస్‌లో దిగి, పక్కనే పరేడ్ గ్రౌండ్‌లో నీలం లైను ఎక్కితే లెక్క 21కి తగ్గుతుంది. రెండుసార్లు మెట్లెక్కి దిగాలి. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే. అదే చౌరస్తాలో 300 నంబరు బస్సు దొరికితే కామినేని, నాగోల్, ఉప్పల్. ట్రాఫిక్ కరుణిస్తే పల్లీల పొట్లం అయ్యేలోపు దిగిపోతారు.

ఈ నడిమి ఖాళీ వెనక చరిత్ర కూడా చెప్పాలంటారు ఎడిటర్ గారు, గబగబా చెప్పేస్తాను. 2017 నవంబరులో నాగోల్-మియాపూర్, 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్‌బీ నగర్, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్. రెండో దశ ప్రతిపాదనల్లో నాగోల్ నుంచి ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి లైను ఉంది. ఉప్పల్ సంగతికొస్తే తొలి వన్డే 2005 నవంబరులో. సచిన్ 175 కొట్టినా మూడు పరుగుల తేడాతో ఓడిన 2009 రాత్రి కూడా అక్కడిదే. చరిత్ర అయిపోయింది.

ఇక అసలు పరీక్ష తిరుగు ప్రయాణం. 2024 అక్టోబరు 12, దసరా రాత్రి. బంగ్లాదేశ్ మీద మనవాళ్లు 297 కొట్టారు. సంజు శాంసన్ 47 బంతుల్లో 111. ఒకే ఓవర్లో వరసగా ఐదు సిక్సర్లు పడినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలాయన కుర్చీ మీదికి ఎక్కాడు. ఆ సంబరమంతా బయటికొచ్చాక పావుగంటలో ఆవిరి. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద వేలమంది, చేతులూపుతూ. ‘ఎల్బీనగర్ వస్తవా అన్నా?’ అంటే ఆటో ఆయన నా మొహం కాదు, వెనకున్న గుంపును చూసి ధర చెబుతున్నాడు. నలుగురం తెలియనివాళ్లం కలిసి ఒకే ఆటో మాట్లాడుకున్నాం. చౌరస్తా దాకా శాంసన్ గురించే మాటలు.

పాట దగ్గరికొస్తే నాకు కాస్త అనుమానం ఎక్కువ. జీతంలో మంచి ముక్క పెట్టి టికెట్ కొని, గంటలకొద్దీ నిలబడి, చివరికి గాయకుణ్ని తెర మీద చూసి రావడమేమిటని. అదే దసరా దాటిన వారానికి, 19న, దేవిశ్రీప్రసాద్ గచ్చిబౌలిలో పాడారు. మా వాళ్లు రమ్మన్నారు, వెళ్లలేదు. నగరానికి ఈ చివర నుంచి ఆ చివరికి పోయి అర్ధరాత్రి తిరిగి రావాలి మరి.

కానీ టికెట్ లేని పాటొకటి మా సరూర్‌నగర్ స్టేడియంలో ఉంది. 2025 సెప్టెంబరు చివర్లో అక్కడ 63 అడుగుల బతుకమ్మను పేర్చి, 1,354 మంది ఆడబిడ్డలు చుట్టూ ఆడి గిన్నిస్‌లోకెక్కారు. రికార్డు మాట అలా ఉంచండి. అక్కడ వేదిక మీద ఒకరు, కింద వేలమంది అనే లెక్క లేదు. చప్పట్లు కొడుతున్నవాళ్లే పాడుతున్నవాళ్లు. వీకెండ్ ప్లాను వేసుకునేవాళ్లు మ్యాచ్ షెడ్యూలుతో పాటు బతుకమ్మ తేదీలు కూడా చూసుకోండి.

ముఖచిత్రానికి ఫ్లడ్‌లైట్ల ఫొటో వేస్తామన్నారు ఎడిటర్ గారు. నేను పంపిన ఫొటోలో ఓ గోడ, ఓ మ్యాపు, ఎల్‌బీ నగర్‌కూ నాగోల్‌కూ మధ్య నా చూపుడు వేలు.

ఏ ఎల్‌బీ?

టికెట్ మీద ఎల్‌బీ స్టేడియం అని ఉంటే ఎల్‌బీ నగర్‌లో దిగి వెతక్కండి. రెండింటికీ లాల్ బహదూర్ శాస్త్రి పేరే. స్టేడియం మాత్రం బషీర్‌బాగ్‌లో, ఒకప్పటి ఫతే మైదాన్. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో పదకొండో స్టేషను అసెంబ్లీలో దిగి వెళ్లాలి. ఈ పొరపాటు మా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఇద్దరు చేశారు.

మ్యాచ్ రాత్రి

ఐపీఎల్ సాయంత్రం ఆట 7.30కు మొదలైతే పదకొండు దాటేదాకా సాగుతుంది. 2024లో మ్యాచ్ రాత్రుల్లో చివరి మెట్రోను 12.15 దాకా పొడిగించారు. ఆ అదనపు సమయంలో ఎక్కనిచ్చింది ఉప్పల్, స్టేడియం, ఎన్జీఆర్ఐల్లోనే, మిగతాచోట్ల దిగడమే. ఈసారి వేళలేమిటో ముందే చూసుకోండి. స్టేడియం స్టేషన్ నుంచి గేటు దాకా కిలోమీటరు పైచిలుకు నడక. బ్యాగు గదిలోనే వదిలేయండి.

గుర్రాలు

క్రికెట్ లేని వారాంతంలో మలక్‌పేట రేసులు. ఆరో నిజాం మౌలాలి నుంచి 1886లో ఇక్కడికి మార్పించారు. వానాకాలం, చలికాలం, రెండు సీజన్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడు స్టేషన్లు. పందెం కట్టకుండా చూసి రాగలిగితే ఇంతకంటే చవకైన ఆట లేదు. నేను ఒకసారి కట్టాను. ఆ గుర్రం ఇంకా పరిగెడుతూనే ఉందేమో.