కావలివాడి భుజమెక్కిన దొంగ

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద కడుతుంది. ఎందుకు?

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. కంటికి కనబడవు. ఇవి ఒంటికి కావలివాళ్ళు. రోగక్రిమి లోపలికి వస్తే పట్టుకుంటాయి. దగ్గర్లో ఉన్న బిళ్ళ దగ్గరికి మోసుకుపోతాయి. ఆ బిళ్ళ కావలివాళ్ళ రచ్చబండ లాంటిది. "ఇదిగో దొంగ" అని అక్కడ చూపించగానే అన్ని కణాలూ పోరుకు లేస్తాయి. అప్పుడే బిళ్ళ ఉబ్బుతుంది.

చాలా క్రిములు అలా చస్తాయి. ఎయిడ్స్ జబ్బు తెచ్చే హెచ్.ఐ.వి. క్రిమి మాత్రం చావదు. దానికి కావలసింది ఆ రచ్చబండే! కావలివాడి భుజమెక్కి అక్కడికి చేరుతుంది. తెల్లకణాల్లో సి.డి.4 అనే రకం ఉంది. తక్కిన కణాలకు పని పురమాయించే పెద్ద అది. హెచ్.ఐ.వి. సరిగ్గా దానిలోకే దూరుతుంది. లోపలే పిల్లలు పెడుతుంది. పక్క కణం తగిలితే అందులోకీ పాకుతుంది. కణాలు ఒళ్ళంతా తిరుగుతాయి కదా. వాటితోపాటే క్రిమీ తిరుగుతుంది. పేగులకు, మెదడుకు కూడా చేరుతుంది.

మనిషికి ఏమీ తెలియదు. మొదట్లో కొన్నాళ్ళు జ్వరం రావచ్చు, పోవచ్చు. తరువాత ఏళ్ళ తరబడి పైకి బాగానే ఉంటారు. లోపల కావలివాళ్ళు తగ్గిపోతుంటారు. మందు వాడకపోతే చివరికి క్షయ లాంటి జబ్బులు మీద పడతాయి.

మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తోంది. ఇవి క్రిమి పిల్లలు పెట్టకుండా ఆపుతాయి.

"ఒంట్లో బాగుంది, బరువు పెరిగాను. ఇంకా మాత్రలు ఎందుకమ్మా?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన మాటే. కొన్ని సి.డి.4 కణాలు పని లేక నిద్రపోతుంటాయి. వాటిలో దాగిన క్రిమి కూడా నిద్రపోతుంది. నిద్రపోయే క్రిమిని మందు ఏమీ చేయలేదు. మాత్రలు మానితే చాలామందిలో కొన్ని వారాల్లోనే అది లేస్తుంది. అందుకే మందు జీవితాంతం వాడాలి.

రోజూ వేసుకుంటే రక్తంలో క్రిమి పరీక్షకు కూడా దొరకనంత తగ్గుతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం కాపురం చేసినా భార్యకు గానీ భర్తకు గానీ అంటదు.

మన ఆడవాళ్ళలో చాలామందికి ఇది భర్త నుంచే వచ్చింది. మాటలు పడేది మాత్రం వాళ్ళే!

తల్లికి ఉంటే, మందు లేనప్పుడు నూరు మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. తల్లీ బిడ్డా మందు వాడితే 5 కంటే తక్కువే. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు.