జబ్బు ముదిరితే రక్తంలో కాల్షియం పడిపోతుందెందుకు?

2020లో ఇటలీలోని మిలాన్ నగరంలో, సాన్ రఫాయెలే ఆసుపత్రికి కోవిడ్‌తో వచ్చిన 531 మంది రక్త పరీక్షలను వైద్యులు పరిశీలించారు. ప్రతి ఐదుగురిలో నలుగురికి కాల్షియం తక్కువగా ఉంది. ఆసుపత్రిలో చేర్చుకోవలసి వచ్చిందీ ఎక్కువగా వాళ్లనే. 2003లో సార్స్ వచ్చినప్పుడు టొరంటో వైద్యులూ రోగుల్లో ఈ తగ్గుదలను గమనించారు.

మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో ఉండేది డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు మాత్రమే. అందులో సుమారు సగం అయాన్ల రూపంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా, నరం కబురు మోయాలన్నా ఈ సగమే కావాలి. మిగతాదానిలో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటుకుని ఉంటుంది.

తీవ్రమైన జబ్బులో ఆల్బుమిన్ పడిపోతుంది. దాంతో మొత్తం కాల్షియం అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు పని చేసే అయాన్లు మాత్రం సరిగ్గానే ఉండవచ్చు. అందుకే ఆల్బుమిన్ డెసిలీటరుకు 4 గ్రాముల కన్నా ఒక గ్రాము తగ్గితే, కాల్షియం అంకెకు 0.8 కలిపి చూస్తారు. అయాన్లు నిజంగానే తగ్గే సందర్భాలూ ఉన్నాయి. వాపు పుట్టించే రసాయనాలు, రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ గ్రంథి పనిని మందగింపజేస్తాయి. విటమిన్ డి ముందే చాలకుంటే, పడిపోయిన కాల్షియాన్ని పైకి లాగే ఆసరా ఉండదు.

విటమిన్ డి లోటు మన దగ్గర కొత్త కాదు. తిరుపతి స్విమ్స్ వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న దక్షిణాది వారిలోనే ఆ లోటు విస్తారంగా బయటపడింది. వాళ్ల తిండిలో కాల్షియం సగటున రోజుకు 400 మిల్లీగ్రాములకు కూడా చేరలేదు. ఇప్పుడు పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఎండలో పని చేసే పల్లెవాసుల్లో విటమిన్ డి పట్నం వాళ్లకన్నా మెరుగ్గా ఉందని కూడా ఆ బృందం గమనించింది.

రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి వైపు చూడండి. పొలం పనికి పోయేవాళ్లకు ఎండ దొరుకుతుంది. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) షెడ్లలో, బీడీలు చుట్టే ఇండ్లలో పొద్దంతా నీడే. తిండి చూస్తే అంతటా తెల్లన్నమే. వంద గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు కూడా చేరదు, అదే తైదల్లో (రాగుల్లో) మూడు వందల పైమాటే. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ఒకప్పుడు రోజూ తాగిన తైద అంబలి మళ్లీ ఇంటికి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అయితే జబ్బు వచ్చాక కాల్షియం ఎక్కించేస్తే రోగి కోలుకుంటాడా? అలా రుజువు కాలేదు. విటమిన్ డి విషయంలోనూ ఫలితాలు ఒకేలా లేవు. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు కోవిడ్ రోగులకు పెద్ద మోతాదులో విటమిన్ డి ఇస్తే వాపు సూచికలు తగ్గాయి. బ్రెజిల్‌లో ఒకే పెద్ద మోతాదు ఇచ్చి చూస్తే ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. నా దృష్టిలో తక్కువ కాల్షియం ముందుగా ఒక హెచ్చరిక. ఈ రోగిని దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలని అది వైద్యుడికి చెబుతుంది.

మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం, గుండె దడ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. అప్పుడు కాల్షియం గ్లూకోనేట్‌ను ఆసుపత్రిలో, ఈసీజీ చూసుకుంటూ, మెల్లగా ఎక్కిస్తారు. మందు రక్తనాళం పక్కకు కారితే చర్మం కాలినట్టవుతుంది. దగ్గు జ్వరాలకు తరచూ ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్‌తో ఒకే గొట్టంలో కలిస్తే గడ్డలు కట్టి ప్రాణానికే ముప్పు. కాబట్టి జ్వరం, దమ్ముతో ఉన్న మనిషికి ఇంటి దగ్గర మంచం మీద కాల్షియం ఇంజెక్షన్ వేయించకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి, రక్త పరీక్షలో కాల్షియంతో పాటు ఆల్బుమిన్ కూడా చూడమని అడగండి.