కళ్లద్దాలు మార్చినా అక్షరాలు అలుక్కుపోతాయెందుకు?

శేరిగూడలో కాలేజీకి వెళ్లే మీ అన్నకో అక్కకో కళ్లద్దాల నంబరు, ముఖ్యంగా సిలిండర్ పవర్, మాటిమాటికీ మారిపోతోందా? రాత్రిపూట సాగర్ రోడ్డు మీద బస్సు లైటు చీలికలు చీలికలుగా కనిపిస్తోందా? అది కెరటోకోనస్ అనే కంటి జబ్బు కావచ్చు.

ఏమవుతుంది?
నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరే. ఈ జబ్బులో అది ఇంకా పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. దాంతో వెలుతురు ఒకచోట చేరక చెదిరిపోతుంది. ఎక్కువగా టీనేజీలో మొదలవుతుంది. వంశంలో ఉండటం, అలర్జీ, కళ్లు గట్టిగా నలపడం ముప్పును పెంచుతాయి.

ఎలా కనిపెడతారు?
అక్షరాల చార్టు ఒక్కటే చాలదు. టోపోగ్రఫీ యంత్రానికి గడ్డం ఆనించి కూర్చుంటే అది కార్నియా వంపులను రంగుల పటంగా చూపిస్తుంది. వంపు ఎక్కువున్న చోట ఎరుపు కనిపిస్తుంది.

చికిత్స ఎలా?
జబ్బు ముదురుతుంటే క్రాస్‌లింకింగ్ చేస్తారు. బి2 విటమిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి పొర గట్టిపడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు 1990లలో రూపొందించిన పద్ధతిది. ఇది జబ్బును ఆపడానికే. చూపు తేటపడాలంటే గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడాలి. మరీ ముదిరితే కార్నియా మార్పిడి చేస్తారు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ చికిత్సలు దొరుకుతాయి.

కళ్లు దురద పెడితే నలపకండి. డాక్టరుకు చూపించండి.